మూడు ముంతల పెరుగు

అనగనగా ధవళగిరి అనే ఊళ్ళో ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విక్రాంతుడు, నడిమివాడు హేమాంగుడు, చిన్నవాడు సుకేతుడు. మన కథ ఈ చిన్నవాడిది. నవ్వించే కథ చెప్పమన్నారు గానీ, ఇవాళ నా దగ్గర ఉన్నది ఇదే. కుదురుగా కూర్చుని వినండి.

ధవళగిరిలో ఒక ఆచారం ఉండేది. ఇంటింటి పెరుగూ రాణి మందారవల్లి ముంతలోంచి తెచ్చిన తోడుతోనే తోడుకునేది. కొత్త కాపురం పెట్టేవాళ్ళకూ, దూరదేశం పోయేవాళ్ళకూ ఆమె తన చేత్తో కాస్త తోడు ఇచ్చేది. పోయినవాడు తిరిగొస్తే కోటగుమ్మం దగ్గర తాయవ్వ అనే ముసలమ్మ వాడి ముంతలో పెరుగు నాలిక మీద వేసుకుని చూసేది. మనవాడే అంటే తలుపు తీసేవారు. కాదంటే ఎంతటివాడైనా బయటే.

ఒకనాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఈ ఊరివాణ్ణేనంటూ ముంత పట్టుకుని వచ్చాడు. తాయవ్వ వాడి పెరుగు రుచి చూసి ఉమ్మేసింది. వాడికి ఒళ్ళు మండిపోయింది. పాలు తోడుపెడుతున్న రాణిని గాలిలో ఎత్తుకుపోయి, ఊరి బయట మూడు దారులు కలిసేచోట రాతిబొమ్మను చేసి నిలబెట్టాడు. ఆ పూట ఊళ్ళో ఉన్న పెరుగంతా విరిగి నీళ్ళయింది. పరుగెత్తుకొచ్చిన ముగ్గురు కొడుకులనూ చూసి మాంత్రికుడు పకపకా నవ్వాడు.

"నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. దాని పంజరం మీరు ముగ్గురూ ఒకేసారి చెయ్యి వేస్తేనే తెరుచుకుంటుంది. నేను చస్తే మీ అమ్మ లేస్తుంది. చేతనైతే వెతుక్కోండి" అని మాయమైపోయాడు.

రాతిచేతిలోని గరిటెకు ఇంకా కాస్త పెరుగు అంటుకుని ఉంది. అన్నదమ్ములు దాన్ని గోకి మూడు ముంతల్లో పంచుకున్నారు. ఎదురుగా మూడు దారులు. తలో దారిన పోతే చిలక తొందరగా దొరుకుతుందని విక్రాంతుడు అన్నాడు. అది తెలివైన మాటే. ముందే చెబుతున్నాను, ఆ మాటకు అతన్ని తప్పు పట్టకండి. అమ్మ తోడు ఆరిపోకుండా చూసుకోవాలని ఒట్టు పెట్టుకుని, ఒకరినొకరు కావలించుకుని విడిపోయారు.

విక్రాంతుడు కొండల్లోకి వెళ్ళాడు. అక్కడ ఆవులు లేవు, మేకలే. మేకపాలు తోడుపెట్టుకున్నాడు. దొంగల బాధ పడలేక కొండవాళ్ళు ఈ ఒక్క ఏడాది ఉండి మమ్మల్ని కాపాడమన్నారు. ఉన్నాడు. మరుసటి ఏడాది కిరీటం పెట్టారు.

హేమాంగుడు పల్లపు నేలలకు వెళ్ళాడు. అక్కడ ఎటు చూసినా గేదెలే. గేదెపాలు తోడుపెట్టుకున్నాడు. వరద నుంచి కాపాడే గట్టు పూర్తయ్యేదాకా ఉండమన్నారు. ఉన్నాడు. గట్టు పూర్తయ్యేసరికి అతనూ రాజయ్యాడు.

సుకేతుడు అడవిదారి పట్టాడు. అడవిలో ఆవేది, గేదేది? వలలో చిక్కిన జింకను విడిపిస్తే అది పాలిచ్చింది. ఆ పాలు తోడుపెట్టుకున్నాడు. ఆడపులి కాల్లో ముల్లు తీస్తే అది పాలిచ్చింది. ఆ పాలు తోడుపెట్టుకున్నాడు. అడవి దాటాక సముద్రం ఒడ్డున పడి కొట్టుకుంటున్న తిమింగలాన్ని నీళ్ళలోకి నెడితే అదీ పాలిచ్చింది. ఇచ్చి, అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించి ఒక దీవిలో దింపింది.

ఆ దీవిలో కాపలా ఎవరూ లేరు. చెట్టుకు పంజరం, పంజరంలో పచ్చని చిలక. కాపలా లేదేమిటని సుకేతుడు అడిగాడు.

"ముగ్గురి చేతులు కావాలి కదా. ఇంక కాపలా ఎందుకు?" అంది చిలక.

సుకేతుడికి ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. దీవిరాజు కూతురు ముక్తావళిని పెళ్ళాడి, పంజరం తీసుకుని, అదే తిమింగలం మీద తిరిగొచ్చాడు. వచ్చేసరికి తండ్రి లేడు, తాయవ్వా లేదు. అమ్మ మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అన్నలకు కబురు పంపాడు. ఇద్దరూ వచ్చారు, వెనక బారులు తీరిన సైన్యాలతో.

చేతులు కలిపే ముందు ఆచారం ప్రకారం ముగ్గురూ ముంతలు మార్చుకున్నారు. విక్రాంతుడు నడిమివాడి పెరుగు నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. ఇంత చిక్కగా అమ్మ పెరుగు ఎప్పుడుందన్నాడు. హేమాంగుడు పెద్దవాడి పెరుగు వాసన చూసి, మేకల కంపు కొడుతోందన్నాడు. సుకేతుడి ముంత దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ ఒక్కటై ఉమ్మేశారు. తోడు ఎక్కడో పారబోసి, మృగాల పాలు తెచ్చి అమ్మ పేరు చెబుతున్నాడన్నారు.

సుకేతుడు కోపం దిగమింగుకున్నాడు.

"అన్నా, రుచి సంగతి మనకెందుకు? చెయ్యి వెయ్యండి. అమ్మ లేచి తనే చెబుతుంది, ఏది తనదో."

"మా కొండల్లో ఈ పెరుగు మీదే ఒట్టు వేస్తారు. నీ చేతిలో చెయ్యి వేస్తే వాళ్ళకు నా మొహం ఎలా చూపించను?" అన్నాడు విక్రాంతుడు.

అయినా ఎంతైనా తల్లి కదా. బొమ్మ వైపు చూసేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి పంజరం మీద వేశాడు. హేమాంగుడూ వేశాడు. వేస్తూ, పెద్దవాడు ఊరుకోలేక ఒక మాట అన్నాడు.

"తోడు పోగొట్టుకున్నవాడివైనా క్షమించాంలే. నువ్వూ వెయ్యి."

అంతే. జింకా, పులీ, తిమింగలం, ఏడు సముద్రాలూ సుకేతుడి కళ్ళముందు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఒక్క పూట తప్పకుండా కాపాడుకున్న తోడు అది. ముందుకు చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ముందు నాది అమ్మ తోడేనని ఒప్పుకోండి" అన్నాడు.

వాళ్ళు ఒప్పుకోలేదు. ఇతను చెయ్యి వెయ్యలేదు. సైన్యాల్లోంచి ఎవడో రాయి విసిరాడు. ఆ సాయంత్రానికి ఆ మూడు దారుల్లోనూ నెత్తురు పారింది. తర్వాత మూడు రాజ్యాలకూ సరిహద్దు రాణి బొమ్మ దగ్గరే పడింది. అన్నదమ్ములు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సుకేతుడు ధవళగిరిని చాలాకాలం ఏలాడు. బిడ్డలు పుట్టారు, పంటలు పండాయి. ముక్తావళి అతన్ని ప్రాణంగా చూసుకుంది. అయినా పంజరం కనబడితే చాలు, అన్నం సహించేది కాదు. విక్రాంతుడు పోయాడని ఒక ఏడు కబురొచ్చింది. హేమాంగుడు పోయాడని మరో ఏడు వచ్చింది. రెండుసార్లూ సరిహద్దు దాకా వెళ్ళి, అటు అడుగు పెట్టే వీలు లేక వెనక్కి వచ్చాడు.

మూడు దేశాలవాళ్ళూ ఏడాదికొకసారి బొమ్మ మీద పెరుగు పోసి మొక్కేవారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా తలో రోజు వచ్చేవారు. పోసిన పెరుగంతా జారి బొమ్మ పాదాల దగ్గర రాతిగుంటలో నిలిచేది. జుట్టు ముగ్గుబుట్టయ్యాక సుకేతుడు ఒకసారి ఒంటరిగా అక్కడికి వెళ్ళి, అమ్మ కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. లేచేటప్పుడు చెయ్యి ఆ గుంటలో పడింది. తడి వేళ్ళు అనుకోకుండా నోటికి తగిలాయి.

అమ్మ పెరుగు. చిన్నప్పుడు ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కో ముద్ద నోట్లో పెట్టినప్పటి రుచి. మేకదీ గేదెదీ అడవిదీ అన్నీ కలిస్తే అచ్చంగా అదే.

సుకేతుడు అన్నలను పేరు పెట్టి పిలిచాడు. పలకడానికి ఎవరున్నారు? ఇంటికి వెళ్ళి పంజరం ముందు కూర్చుని, తడి ఆరని తన చెయ్యి దాని మీద పెట్టాడు. ఒక్క చెయ్యికి అది తెరుచుకోలేదు. అతను చిలకకు ఒక జామపండు పెట్టాడు.

ఆ చిలక ఇంకా బతికే ఉంది, మాంత్రికుడూ ఉన్నాడు. రాణి ఇప్పటికీ గరిటె పట్టుకుని ఆ మూడు దారుల్లో నిలబడే ఉంది. కథ ఇంతవరకే. లేచి చేతులు కడుక్కోండి. పెరుగన్నం మీ ముగ్గురికీ ఒకే గిన్నెలో కలిపాను.