ఎద్దు అడిగిన పద్దెనిమిది రోజులు

కొండవాగు దిగువన ఉన్న పల్లంలో జంతువులకు ఓ అలవాటుండేది. ఏ పనికైనా ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, పట్టేదానికి రెట్టింపు చెప్పేవి. అడిగినవాడు ఎటూ సగానికి కోస్తాడు కదా మరి. సంతలో వంకాయల బేరం లాంటిదే అది కూడా. అందరికీ తెలుసు, ఎవరికీ తప్పనిపించలేదు.

ఆ పల్లంలో పనుల గడువులు చూసేవాడు తిప్పన్న అనే నక్క. కిందటేడు వాగు పొంగి, గట్టుకు గండిపడి, సగం బొరియలు కొట్టుకుపోయాయి. ఈసారి ఆరుద్ర కార్తె వచ్చేలోగా గండి పూడ్చి తీరాలని పల్లానికి పెద్దయిన చిరుత తేల్చి చెప్పాడు. అది రోహిణి కార్తె మొదటిరోజు, రోళ్లు పగిలే ఎండ. ఆరుద్రకు ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది. చిరుత చెప్పకపోయినా తిప్పన్నకు ఆ గట్టు కావాలి. గండికి ఎదురుగా, సరిగ్గా దిగువన ఉన్న బొరియలో అతని పెళ్లాం సోమాలు మూడు పిల్లల్ని కని నాలుగు రోజులైంది. వాటికింకా కళ్లు తెరుచుకోలేదు.

ముందు అడవిపందుల దగ్గరికెళ్లాడు. మట్టి తవ్వి చేరవెయ్యడానికి పది రోజులన్నాయి. తిప్పన్న మనసులోనే ఐదు అనుకున్నాడు. చివర్లో గట్టు మొహానికి రాళ్లు పేర్చాల్సిన కోతులు ఆరన్నాయి. మూడు అనుకున్నాడు. ఇక మిగిలింది మట్టి తొక్కే వీరన్న.

వీరన్న ముసలి ఎద్దు. ఊళ్లో చెరువుగట్లు తొక్కి తొక్కి, నడుం వంగాక కబేళాకు అమ్మబోతుంటే, పలుపు తెంచుకుని ఈ పల్లానికి వచ్చి పడ్డాడు. ఏడాదైనా కాలేదు. ఇక్కడి బేరాలేవీ అతనికి తెలియవు.

"పద్దెనిమిది రోజులు కావాలి బావా. తొమ్మిది వరసల మట్టి పొయ్యాలి. ఒక్కో వరస తడిపి తొక్కడానికి ఓ రోజు, అది ఆరి గట్టిపడ్డానికి ఓ రోజు."

"తొమ్మిదింటిలో కానిచ్చెయ్."

"నేను బేరానికి చెప్పలేదు. పట్టేదే చెప్పాను."

తిప్పన్న నవ్వాడు. ఆ మాట చెప్పనివాడెవడు? పందులూ అదే అన్నాయి, కోతులూ అదే అన్నాయి. కాకపోతే ఈ ఎద్దు మొహంలో గీత కూడా కదలకుండా చెప్పాడే అని లోపల మెచ్చుకున్నాడు. ఇంత నిక్కచ్చి బేరగాణ్ణి ఈ పల్లంలో చూడలేదనుకుంటూ వెళ్లి, పదిహేడు రోజుల్లో గట్టు లేచి నిలబడుతుందని చిరుతకు చెప్పేశాడు.

నాకు ఇక్కడే కడుపు మండుతుంది. ఎద్దు అడిగిన పద్దెనిమిదీ ఎద్దుకు వదిలేసినా మొత్తం ఇరవై ఆరే అయ్యేది. ఆరుద్రకు రెండు రోజుల ముందే పని తెమిలేది. వేళ్లమీద లెక్కే అది.

పందులు సణుక్కుంటూనే సరిగ్గా ఐదు రోజుల్లో మట్టి చేరవేశాయి. చూశావా, నా అంచనా తప్పుతుందా అని తిప్పన్నకు ఇంకాస్త ధీమా వచ్చింది. వీరన్న తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగో వరస దగ్గర ఆగి, ఒక్క రెండు రోజులు వదిలెయ్యమని బతిమాలాడు. ఈ ఎండకు అదే ఆరుతుంది, కాళ్లు ఆడించమన్నాడు తిప్పన్న. పచ్చి వరస మీద పచ్చి వరస పడింది. తర్వాత కోతులు మూడు రోజుల్లో రాళ్లు పేర్చేశాయి. పదిహేడో రోజున చిరుత గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, పని చేయించడమంటే ఇదీ అని నలుగురిలో మెచ్చుకున్నాడు. తిప్పన్నకు ఆ రోజు కాళ్లు నేలమీద ఆనలేదు.

సాయంత్రం వీరన్న, తిప్పన్న బొరియ దగ్గరికి వచ్చాడు.

"పైన పెంకు కట్టింది గానీ లోపల ముద్దగానే ఉంది బావా. ఇంకా పదకొండు రోజులుంది. రాళ్లు దించి ఐదు వరసలు తీసేస్తే, పది రోజుల్లో మళ్లీ తొక్కి ఇస్తాను, కోతులు వెంటవెంటే రాళ్లు పేర్చుకుంటూ వస్తాయి."

"అయిపోయిందని పెద్దాయనతో చెప్పినదాన్ని విప్పుతానంటే, రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడు?"

ఎద్దు వెనుదిరిగి వెళ్లిపోయాడు. లోపల్నుంచి అంతా విన్న సోమాలు, పిల్లల్ని తీసుకుని గుట్టమీది బండసందులోకి పోదామంది. తిప్పన్నకు కోపమొచ్చింది. గట్టు కట్టించినవాడే పెళ్లాంపిల్లల్ని వెంటేసుకుని గుట్టెక్కితే చూసేవాళ్లు ఏమనుకుంటారన్నాడు. పిల్లలు అప్పటికి కళ్లు తెరిచి, తండ్రి తోకతో ఆడుకుంటున్నాయి.

ఆరుద్ర రెండోరోజు మధ్యాహ్నానికి వాగు గట్టును తాకింది. తిప్పన్న చిరుత పక్కన గట్టు చివర నిలబడి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చూపిస్తున్నాడు. చూపిస్తుండగానే నడిమి మట్టి నానిన అటుకుల్లా జారింది. రాళ్లు దొర్లాయి. తిప్పన్న పిల్లల పేర్లు అరుచుకుంటూ కిందికి ఉరికాడు గానీ, నీళ్లు అతనికంటే ముందు చేరాయి. సోమాలు ఒక పిల్లను నోట కరుచుకుని బయటపడి, దాన్ని బండమీద పెట్టి వెనక్కి తిరిగేసరికి బొరియ లేదు. తిప్పన్న గోళ్లు ఊడిపోయేలా బురద తవ్వాడు. పక్కనే వీరన్న రొమ్ములోతు నీళ్లలో నిలబడి కొమ్ములతో తవ్వాడు. తక్కిన రెండు పిల్లలూ దొరకలేదు.

వరద తాకని మెరకన ఉండే పందులు, తమ పని గడువులోనే చేశామన్నాయి. కోతులూ అదే అన్నాయి. అదీ నిజమే. ఎద్దే సరిగా తొక్కలేదని వెనకనుంచి ఎవరో అన్నారు. తిప్పన్న విన్నాడు, కాదని మాత్రం అనలేదు.

వానలు వెలిశాక చిరుత మళ్లీ గట్టు కట్టమన్నాడు. సోమాలు మిగిలిన పిల్లతో గుట్టమీదే ఉండిపోయింది. ఎన్నో రోజుకు గట్టు గట్టిపడుతుందో నిఖార్సుగా తెలుసుకుని వస్తే అప్పుడు దిగుతానంది. తిప్పన్న తల వంచుకుని ఎద్దు దగ్గరికి వెళ్లాడు.

"ఈసారి ఎన్ని రోజులు కావాలి వీరన్నా? నిజం చెప్పు."

వీరన్న నెమరు ఆపాడు.

"ఎన్ని రోజులు కోస్తావో ముందు నువ్వు చెప్పు బావా. దాన్నిబట్టి నేను చెబుతాను."

నిజంతో బేరమాడినవాడికి రెండోసారి నిజం దొరకదు.