కుందేలు పరుగు, నక్క ఊరేగింపు

నల్లమలలో తుర్రి అనే కుందేలు ఉండేది. పరుగులో దాన్ని కొట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. దాని పక్క పొదలోనే నరసప్ప అనే నక్క కాపురం. నరసప్పకి పరుగు రాదు, వేట అంతంతమాత్రం, మాటలు మాత్రం దండిగా వచ్చు. ఇలాంటి ఇద్దరు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా చెప్తాను.

"కోడలా, ఈ ముళ్ళకంపల్లో ఎవరి మెప్పుకోసం పరుగెత్తుతావే?" అన్నాడు నరసప్ప ఒక పొద్దున. "రాష్ట్రానికో పరుగు పందెం జరుగుతోంది. నేను తీసుకెళ్తా. పరుగు నీది, మిగతావన్నీ నేను చూసుకుంటా."

"పిల్లలు చిన్నవాళ్ళు మామా. మా గుంత పల్లంలో ఉంది. వాన పడేలోపు వాళ్ళని గట్టుమీదికి చేర్చుకోవాలి. చెల్లెలు చూసుకోగలదు గానీ, కుంటికాలితో మోయలేదు."

"తొలకరిలోపు తెచ్చి దింపుతా. నాదీ పూచీ."

తుర్రికి పరుగంటే ప్రాణం. ఒప్పేసుకుంది.

మిగతావన్నీ అంటే ఏమిటో దారిలో తెలిసింది. ఏ రాష్ట్రానికి వెళ్ళినా ఒకటే మర్యాద. సరిహద్దులో ఎదురొచ్చి, పరుగెత్తడానికి వచ్చినవాళ్ళకి దండ వేస్తారు, వెంట వచ్చినవాళ్ళకి విందు పెడతారు. నరసప్ప దండ దగ్గరా మెడ చాచేవాడు, విందు దగ్గరా ముందే కూర్చునేవాడు. తుర్రి ఆకలంటే, "పరుగెత్తేవాళ్ళు కడుపునిండా తినకూడదే పిచ్చిమొహమా" అని తన ముందున్నది తను లాగించేవాడు.

కన్నడ దేశానికి ఎండుమిర్చి లారీలో తుమ్ముకుంటూ వెళ్ళారు. అక్కడ బురదమడిలో పరుగు. తుర్రి గెలిచింది. తమిళ దేశంలో సముద్రపు ఇసుకలో పరుగు. అక్కడా గెలిచింది. ఒడిశాలో కొండవాలు మీద పందెం. గెలిచింది గానీ రాయి మీద కాలు మడతపడింది. "మేం గెలిచాం" అని నరసప్ప ప్రతిచోటా ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆ 'మేం'లో తుర్రి ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

"మామా, కాలు వాచిపోయింది. మబ్బులు కూడా పడుతున్నాయి. ఇంటికి పోదాం."

"ఇంకొక్క రాష్ట్రమే. మరాఠా వాళ్ళ గడ్డిమైదానం. అక్కడ రేచుకుక్కలు పెట్టే విందు మామూలుది కాదు. అతిథులు తిరిగి సరిహద్దు దాటేదాకా వాళ్ళ జోలికి రారు కూడా."

"విందు నీకు, పరుగు నాకు. ఈ కాలితో ఓడిపోతాను."

"ఓడితే ఓడావు. ఏం కొంప మునిగింది?"

ఖాళీ ఉల్లిపాయల లారీ ఎక్కి అక్కడికీ చేరారు. నరసప్ప చెట్టుకింద కునుకు తీస్తుంటే, తుర్రి సరిహద్దు వాగులో కాలు పెట్టుకుని కూర్చుంది. కొమ్మమీది గోరింక పలకరించింది.

"పందేనికేనా? ఆ కాలితోనా? ఓడినవాళ్ళు మళ్ళీ పందెం జరిగేదాకా ఇక్కడే ఉండి నీళ్ళు మోయాలి. తెలుసుగా?"

పల్లంలో గుంత, అందులో పిల్లలు తుర్రి కళ్ళముందు కదిలారు. "ఈ సంగతి మా మామకి తెలిసుండదు" అంది.

"తెలియకపోవడమేంటి? పిలుపు తెచ్చింది నేనేగా. అంతా విన్నాడు. 'వెంట వచ్చినవాణ్ణి ఉంచుకోరుగా' అని మాత్రం అడిగాడు. 'ఉంచుకోరు' అనగానే సరేనన్నాడు."

తుర్రి కాసేపు ఏడ్చింది. తర్వాత దానికి ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకుని అడిగింది: "పరుగెత్తేది ఎవరో మీవాళ్ళకెలా తెలుస్తుంది?"

"దండని బట్టే. వెనకటికి ఎవరో దండ ఒకరికి వేయించి పరుగుకి ఇంకొకర్ని దించారు. అప్పట్నుంచీ ఇక్కడ మాత్రం దండ ఎవరి మెడలో పడితే వాళ్ళే పరుగెత్తాలి. పడ్డాక తీయడానికి లేదు."

"ఇదీ మామకి చెప్పావా?"

"చెప్పబోయాను. అప్పటికే విందులో ఏమేం పెడతారని అడగడం మొదలెట్టాడు."

తుర్రి కుంటుకుంటూ వెళ్ళి నక్కని లేపింది. "మామా, ఈసారి దండ నేను వేసుకుంటా."

నరసప్ప కళ్ళు చిట్లించాడు. "ఇదేం కొత్త కోరికే?"

"ఇన్ని గెలిచాను, ఒక్క పువ్వైనా నా మెడలో పడిందా? నాకూ ముచ్చటుండదా?"

"నీ మెడెంత, దండెంత? పెద్దవాణ్ణి నేనుండగా నీకు వేస్తే నలుగురిలో నా పరువేం కాను?"

"ఈ ఒక్కసారికీ మామా."

"కుదరదంటే కుదరదు."

"సరే, నీ ఇష్టం" అంది తుర్రి. బతిమాలడం ఎక్కడ ఆపాలో దానికి తెలుసు.

రేచుకుక్కల నాయకుడు బంతిపూల దండ పట్టుకుని ఎదురొచ్చాడు. "ఎవరికి వేయమంటారు?"

నరసప్ప తుర్రిని పక్కకి నెట్టి ముందుకొచ్చాడు. "ఇంకెవరికి? నాకే."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"ఇందులో ఆలోచించడానికేముందండీ?"

దండ పడింది. తప్పెట మోగింది. నాయకుడు నరసప్పని పరుగు మొదలయ్యే గీత దగ్గరికి నడవమన్నాడు.

"గీత దగ్గర నాకేం పని? పరుగెత్తేది ఈ పిల్ల" అన్నాడు నరసప్ప.

"దండ నీ మెడలో ఉంది" అన్నాడు నాయకుడు. చుట్టూ నిలబడ్డ కుక్కల పళ్ళు కనిపించాయి.

నరసప్ప పరుగెత్తాడు. పరుగెత్తాడనే అనాలి మరి. ఊరూరా తిన్న విందులన్నీ పొట్టలో వేలాడుతుంటే సగం దూరంలో కూలబడ్డాడు. అప్పటికి పోటీకి దిగిన రేచుకుక్క గెలిచి, నీళ్ళు తాగి, చూడ్డానికి వెనక్కి వచ్చింది. అంతసేపూ తుర్రి విందులో పెట్టిన పచ్చగడ్డి ముందు పెట్టుకుని కడుపునిండా తింది.

తెల్లారి తుర్రి లారీ కోసం రోడ్డెక్కబోతుంటే, నరసప్ప మెడకి కుండ కట్టుకుని వాగులోంచి పైకొస్తున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"కోడలా, మళ్ళీ పందేనికి ఓడేవాడు దొరికితే గానీ నన్ను వదలరట. ఊళ్ళో బలహీనంగా ఉన్నవాణ్ణి ఎవణ్ణయినా చూసి పంపించు. విందు చాలా బాగుంటుందని చెప్పు."

"చెప్తాను మామా. విందు సంగతీ చెప్తాను, నీళ్ళ సంగతీ చెప్తాను. ఆ తర్వాత రావడం, మానడం వాళ్ళిష్టం."

నరసప్ప ఇంకేదో అనబోయాడు. వెనకనుంచి కుక్క మొరిగింది. కుండెత్తుకుని నడిచాడు. తుర్రి ఇల్లు చేరి పిల్లల్ని ఒక్కొక్కరినే గట్టుమీదికి మోసుకుంది. ఆ మర్నాడు వాన మొదలైంది.

నీతి: ఎదుటివాడి కష్టానికి దక్కాల్సిన మర్యాద కోసం మెడ చాచినవాడు, ఆ కష్టం కూడా తనమీదే పడితే కాదనలేడు.