గోరంటి మూడు మునకలు

నమ్మండి చూద్దాం. నీళ్లంటే చచ్చేంత భయం ఉన్న కోడి కావాలని గుంటలో మునిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు! నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత ఛాన్స్ ఇవ్వను.

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికీ కరెంటున్న చెట్టు ఒక్కటే. ఫారెస్టు గార్డు గుడిసె నుంచి వైరు లాగింది ఎవరనుకున్నారు? సింగన్న అనే కోతి. ఓ థర్మకోల్ పెట్టె, లోపల ఓ బల్బు. అంతే, ఇంక్యుబేటర్ రెడీ. గోరంటి అనే కోడి అందులో గుడ్లు పెడితే పిల్లలు టకటకా వచ్చేశాయి. ఇంక సింగన్నని పట్టలేం.

అప్పుడే బూరెమ్మ అనే బాతుకి వలలో పడి కాలు విరిగింది. పొదగలేదు పాపం. తన మూడు గుడ్లూ సింగన్న పెట్టెలో పెట్టించి, పక్కనే కూలబడింది.

"అన్నయ్యా, వీటికి తడి కావాలి. నేనైతే రోజూ నీళ్లలో మునిగి, తడి ఒంటితో వచ్చి కూర్చునేదాన్ని" అంది.

"గుడ్డు గుడ్డే చెల్లెమ్మా! కోడిదైతే ఏంటి, నీదైతే ఏంటి?" అన్నాడు సింగన్న.

పిల్లలు బయటికొచ్చే రోజు వచ్చింది. పెంకులు చిట్లాయి. అక్కడితో ఆగిపోయాయి.

"అమ్మా! పొర ఎండిపోయి ఒంటికి అతుక్కుంది. తిరగలేకపోతున్నా!" అంది మొదటి గుడ్డు.

"నేనూ అంతే!" అంది రెండోది.

మూడోది అసలు మాట్లాడలేదు.

"ఆగండాగండి, పెంకు లాగేస్తా" అన్నాడు సింగన్న.

"వద్దన్నయ్యా! ఆ పొరలో ఇంకా నెత్తురుంది. లాగితే చచ్చిపోతారు. తడిపితే చాలు!"

సింగన్న కంగారులో చెంబెడు నీళ్లు విసిరాడు. సగం నేలపాలు, సగం పోయి వేడి బల్బు మీద పడ్డాయి. ఢాం! బల్బు పేలింది. సింగన్న దడుచుకుని చిటారు కొమ్మెక్కేశాడు. ఇంక దిగితే ఒట్టు.

ఇప్పుడు తడీ కావాలి, వేడీ కావాలి. బూరెమ్మ లేవబోయి పడిపోయింది. పక్కనే పిల్లల్ని తిప్పుకుంటున్న గోరంటి వైపు, ఆ పక్కనున్న నీళ్ల గుంట వైపు చూసింది.

"నన్ను చూడకు వదినా. మా అక్క ఆ గుంటలోనే పోయింది" అంది గోరంటి.

అంతలో మూడో గుడ్డులోంచి చిన్నగా "టిక్" అని వినిపించింది. ఒక్కసారే.

గోరంటి పరిగెత్తింది.

"ఏమేవ్! నువ్వు కోడివే, బాతువి కాదు!" అని అరిచాడు వాళ్లాయన జుట్టయ్య.

"నాకు తెలీదా? నువ్వు పిల్లల్ని చూడు!"

కళ్లు మూసుకుని గుండె దాకా దిగింది. తడి ఈకలతో వచ్చి గుడ్ల మీద కూర్చుంది. పొర మెత్తబడింది. మొదటి పిల్ల తిరిగింది, తన్నింది, బయటికొచ్చింది.

ఈకలు ఆరిపోయాయి. మళ్లీ వెళ్లింది. ఈసారి కాలు జారి పీక దాకా మునిగింది. నీళ్లు తాగేసింది. దగ్గుకుంటూ వచ్చి కూర్చుంది. రెండోదీ వచ్చింది.

"ఇంక చాలే. ఆ మూడో దాంట్లో ఏమీ లేదు" అన్నాడు జుట్టయ్య.

గోరంటి వణుక్కుంటూ మళ్లీ గుంటకే వెళ్లింది. నేనైతే రెండోసారికే ఇంటికెళ్లి దుప్పటి కప్పుకునేదాన్ని. అది మాత్రం మళ్లీ మునిగింది! వచ్చి కూర్చుంది. కూర్చునే ఉంది.

టిక్. టిక్ టిక్.

మూడోవాడు బయటికొచ్చాడు. నీళ్లోడుతున్న గోరంటిని చూసి "అమ్మా" అన్నాడు.

"అమ్మ అదిగోరా. నేను అత్తని" అంది గోరంటి. చలికి ముక్కు టకటకలాడుతోంది.

"కాదులే వదినా. వాడు సరిగ్గానే పిలిచాడు" అంది బూరెమ్మ.

అప్పుడు సింగన్న మెల్లగా కిందికి దిగొచ్చి ఏమన్నాడో తెలుసా? వాడు...

అయ్యో, మా అమ్మ పిలుస్తోంది. "మేఘనా! పాలు పొంగిపోతున్నాయే!" అంట. పోతున్నా, పోతున్నా!

నీతి: సాయమంటే మనకి వచ్చింది చెయ్యడం కాదు, వాళ్లకి కావాల్సింది చెయ్యడం. భయమేసినా సరే.