గుర్రబ్బండి మీద పిల్లి గీతలు

పూర్వం పెదగట్టు దివాను జగ్గరాయుడు తన కొత్త గుర్రబ్బండికి అద్దంలా మెరిసే ఎర్రరంగు వేయించాడండీ. వారం తిరక్కుండానే దాని నిండా పిల్లి గోళ్ల గీతలు! మండిపడి దండోరా వేయించాడు, ఆ పిల్లి ఎవరిదైతే వాళ్లకి ఇరవై కొరడా దెబ్బలని.

భటులు మజ్జిగమ్ముకునే గవరమ్మను లాక్కొచ్చి బండి పక్కన నిలబెట్టారు. ఒక భటుడు కొరడా పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"ఆ పిల్లికి రోజూ పాలు పోసేది నువ్వేగా? పిల్లి నీదే!" అన్నాడు దివాను.

"పోసిన మాట నిజమే బాబుగారూ. కానీ కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. అది మొన్న మా అటక మీద ఈనింది. పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పి, ఏడో చోటు నచ్చి అక్కడే కాపురం పెట్టేసింది."

"ఆ ఏడో ఇంటివాడెవడో చెప్పు! వాడి వీపు చీరేస్తాను!"

 గవరమ్మ వేలెత్తి బండి లోపలికి చూపించింది. "తమరే వంగి చూడండి బాబూ."

దివాను వంగాడు. పట్టుదిండు మీద తల్లిపిల్లి పడుకుని నాలుగు పిల్లలకు పాలిస్తోంది.

వంగిన ఆ వీపు వంక చూసి, కొరడా పట్టుకున్న భటుడు నసిగాడు. "దొరా... ఇప్పుడు కానివ్వమంటారా?"

దివాను చటుక్కున లేచాడు. "ఒరేయ్, మళ్లీ దండోరా వేయించు! పిల్లి ఎవరి సొత్తూ కాదని!"