గుమ్మంలో ఇరుక్కున్న అక్షరం

వాగు పక్కన నేరేడు తోపు. పళ్ళు రాలి నేలంతా ఊదారంగు. అంత అందమైన చోట కూర్చుంటే రాయికైనా చదువుకోవాలనిపిస్తుంది. అక్కడే నక్క బడి పెట్టాడు. చెవి మీద బలపం, చేతిలో బెత్తం, భుజాన ఉత్తరీయం.

"శుక్రవారం పరీక్ష! అక్షరం రానివాళ్ళు ఆ పూట మా ఇంట్లోనే ఉండి చదువుకోవాలి," అన్నాడు పెదవులు నాక్కుంటూ.

పోయిన వారం అలా వెళ్ళిన బాతుపిల్ల ఎలాగో తప్పించుకొచ్చింది. "అక్కడ పుస్తకాల్లేవు. పేద్ద కుండ, దాని కింద పొయ్యి!" అని మొత్తుకుంది. "పంతుల్ని అలా అంటే కళ్ళు పోతాయి," అని పెద్దవాళ్ళు దాని నోరే మూయించారు.

కుందేలుపిల్ల బుంగి మాత్రం బాతుపిల్ల మాట నమ్మింది. దానికి ఒక్క అక్షరమూ రాదు. ఎలా వస్తుంది? పంతులు ఏదీ రాసి చూపించడు. అరిచి చెప్పిస్తాడు, అంతే.

ఏడుస్తూ రోకలిబండ దగ్గరికి వెళ్ళింది. రోకలిబండ అంటే ముట్టుకోగానే చుట్టలా చుట్టుకుపోయే బోలెడు కాళ్ళ పురుగు. పిల్లలందరికీ అత్త.

"అత్తా, నన్ను వండేస్తాడే!"

"ఏడుపు ఆపి నన్ను ముట్టుకో."

ముట్టుకుంది. అత్త గుండ్రంగా చుట్టుకుంది.

"ఏంటిది?"

"చుట్ట... కాదు, సున్న!"

"సున్న నెత్తిన తలకట్టు పెట్టావనుకో, అది ర. ర కడుపులో చీమను కూర్చోబెట్టావనుకో, అది ఠ."

బుంగి కిలకిలా నవ్వింది. "మరి గ?"

"పిచ్చిమొహమా, రోజూ దాంట్లోంచేగా బయటికొస్తావు!"

బుంగి తన బొరియ వైపు చూసింది. వంపు తిరిగిన గుమ్మం. పైన తలకట్టు ఒక్కటే తక్కువ! ఆ రోజు దానికి లోకమంతా అక్షరాలే కనిపించాయి.

శుక్రవారం వచ్చింది. బుంగి పలక మీద గ రాసింది.

"తప్పు!" అన్నాడు నక్క, చూడకుండానే.

"అయితే మీరు ఒరవడి పెట్టండి పంతులుగారూ, దాని మీద దిద్దుకుంటుంది," అంది బుంగి వెంట వచ్చిన అత్త. పంతులు ముందు రాసిపెట్టడం ఏ బడిలోనైనా ఉన్నదే.

నక్క బలపం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "బలపం మొద్దు... పలక జిడ్డు... ఎండ కళ్ళలో కొడుతోంది..."

"ఆడలేక మద్దెల ఓడు!" అని ఉడుతపిల్ల కిచకిచలాడింది.

అప్పుడు వెలిగింది బుంగికి. అయ్యగారికి అక్షరమ్ముక్క రాదు! భయమంతా దూదిలా ఎగిరిపోయింది.

"పంతులుగారూ, మా ఇంటి దగ్గర ఇంతకన్నా మంచి గ ఉంది. కాకపోతే లోపలికి తలపెట్టి చూడాలి. మీకు తెలియందేముంది లెండి!"

"తెలియకేం! దాన్ని అక్కడ పెట్టించిందే నేను," అంటూ అందరికంటే ముందు నడిచి వెళ్ళి, బుంగి బొరియలో తల దూర్చాడు నక్క.

"ఏదే? అంతా చీకటి!"

"ఇంకాస్త ముందుకి పంతులుగారూ, చివర్లో ఉంది."

భుజాలు కూడా దూర్చాడు. అంతే! ముందుకీ పోడు, వెనక్కీ రాడు. వంపు గుమ్మం మీద తోక మాత్రం వంకరగా పైకి లేచి నిలబడింది.

"అత్తా, తలకట్టు వచ్చేసింది!" అని బుంగి గెంతింది.

పిల్లలంతా ఒక్క గొంతుతో చదివారు: "గ!"

"ఎక్కడ్రా గ?" లోపల్నుంచి మూలిగాడు నక్క.

"మీరే పంతులుగారూ!"

తోపంతా నవ్వులే. పెద్దవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కుండ సంగతి, పొయ్యి సంగతి నక్క నోటితోనే చెప్పించి, అప్పుడు తోక పట్టి లాగారు. ఊడి బయటపడిన నక్క ఉత్తరీయం, బెత్తం అక్కడే వదిలేసి, వాగులో పడి ఈదుకుంటూ పారిపోయాడు.

రాదని ఒప్పుకుంటే ఒక్క క్షణం సిగ్గు. వచ్చని బుకాయిస్తే నలుగురిలో నవ్వులపాలు.