అడిగినదానికల్లా అయిందన్న కెర్నెల్

పాత ప్రోగ్రాం ఒకటి కోదండపాణి ప్రాణం తీస్తోంది. తెరవగానే బుద్ధిగా కదిలేది. కాసేపటికి "డిస్కు చెడిపోయింది" అని రాసి మూసుకునేది. డిస్కు నిక్షేపంలా ఉంది. అయినా అతను డిస్కు మార్చాడు, కేబుల్ మార్చాడు, అమ్మిన కొట్టువాడితో పోట్లాడి వచ్చాడు. ప్రోగ్రాం మళ్లీ అదే మాట రాసి మళ్లీ మూసుకుంది.

ఇది బందరులో, మదార్ సాహెబు గారి మేడమీద గదిలో జరుగుతున్న ముచ్చట. ఆయన పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసి రిటైరై సొంత ఊరు చేరిన మనిషి. కంప్యూటర్ లోపల అన్నిటికీ పెద్దదిక్కుగా ఉండే కెర్నెల్ అనే ప్రోగ్రాం ఎలా రాయాలో నలుగురికి నేర్పేవారు. శిష్యులు ఉస్తాద్ అనేవారు.

ఆయన తలూపనిదే శిష్యుడి పని ఏదీ ఆ గడప దాటకూడదు. అలాగని ఆయన లేచి వచ్చి తెర చూసేవారూ కాదు. కూర్చున్నచోటి నుంచే అడిగేవారు. "అది ఏమడిగింది? నువ్వేం చెప్పావు?" జవాబు నచ్చితే తలూపేవారు. నచ్చకపోయినా తలూపేవారు. ఆ రెండు ఊపులకీ తేడా పట్టుకునేసరికే శిష్యుడికి సగం చదువు అయిపోయేది. కోదండపాణికి ఇంకా పట్టుబడలేదు.

ప్రోగ్రాం తనంతట తాను ఏమీ చేయలేదు. ఫైలు తెరవాలన్నా, ఒక అక్షరం రాయాలన్నా, ఆఖరికి టైమెంతయిందో తెలియాలన్నా కెర్నెల్‌ని అడగాల్సిందే. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ఒక్కో సిస్టంలో అడిగే తీరు ఒక్కో రకం, జవాబుగా వచ్చే అంకెలు ఒక్కో రకం. పాత సిస్టంలో పుట్టిన ప్రోగ్రాం కొత్త సిస్టంలో నడవాలంటే, కొత్త కెర్నెల్ లోపలే ఒకడు కూర్చుని, పాత తీరులో అడిగినవి విని, పాత తీరులోనే జవాబు చెబుతూ ఉండాలి. ప్రోగ్రాం తను ఇంకా పుట్టింట్లోనే ఉన్నాననుకోవాలి. కోదండపాణి రాస్తున్నది ఆ ఒకణ్ణి.

ఆ ప్రోగ్రాం సువర్చలమ్మ గారిది. ఆవిడకి చూపు లేదు. ఊళ్లోనే చిన్న బ్రెయిలీ ప్రెస్సు నడుపుతూ చూపులేని పిల్లలకి తెలుగు పాఠ్యపుస్తకాలు అచ్చువేసేవారు. తెలుగు ఒత్తుల్నీ గుణింతాల్నీ తప్పులేకుండా చుక్కలుగా మార్చడం ఆ ఒక్క ప్రోగ్రాంకే వచ్చు. రాసినాయన పోయాడు, ఆ సిస్టం చేసిన కంపెనీ మూతపడింది, ఉన్న ఒక్క పాత యంత్రం రోజుకోసారి మొరాయిస్తోంది. పదో తరగతి సైన్సు సగంలో ఉంది. అది ఆగిపోతే ఆ పిల్లలు ఎవరైనా చదివి వినిపిస్తే వింటూ పరీక్షకి వెళ్లాలి. అందుకే ఆవిడ మేడమెట్లు తడుముకుంటూ ఎక్కివచ్చి మదార్ సాహెబు గారిని అడిగారు. ఆయన కోదండపాణి వైపు వేలు చూపించారు. వేలు చూపించినట్టు ఆవిడకి కనపడదని గుర్తొచ్చి, పేరు కూడా చెప్పారు.

కోదండపాణి పాత సిస్టంతో వచ్చిన కాయితాల్లో ఉన్న కాల్స్ అన్నీ రాశాడు. చిక్కల్లా కాయితాల్లో లేనివాటితో. ప్రోగ్రాం ఉన్నట్టుండి ఏదో ఊరూ పేరూ లేని కాల్ అడుగుతుంది. కెర్నెల్ తెలియదంటుంది. అంతే, డిస్కు చెడిపోయిందని రాసి మూసుకుంటుంది.

ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే అతనికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. తెలియదంటేనే కదా గొడవ? తెలియని కాల్ ఏది వచ్చినా "అయింది" అని చెప్పేస్తే? పాత సిస్టంలో సున్నా అంటే అయిందని. నోరు కడుక్కోవడం కూడా సరిగ్గా కాకుండానే వెళ్లి కెర్నెల్‌లో ఒక్క వరస మార్చాడు.

ప్రోగ్రాం వెన్నలా నడిచింది.

"ఉస్తాద్, అయిపోయిందండి. ఎక్కడా ఆగట్లేదు," అన్నాడు మేడ దిగి కింది గదిలోకి వస్తూనే. మూతి చివర ఇంకా పేస్టు ఉంది.

"అది ఏమడిగింది?"

"కొన్ని ఏమడిగిందో నాకూ తెలియదండి."

"నువ్వేం చెప్పావు?"

"అడిగినదానికల్లా అయిందని చెప్పాను."

మదార్ సాహెబు గారు తలూపారు. కోదండపాణి పొంగిపోయాడు.

"అయితే ఇవాళే ఇచ్చేసొద్దామండి. సువర్చలమ్మ గారికి వస్తున్నామని ఫోన్ చేస్తారా?"

"అయింది," అన్నారు ఉస్తాద్.

ఎంత చురుకు ఈ వయసులో, అనుకున్నాడు కోదండపాణి. "ఆటో ఒకటి చెప్పాలండి, పెట్టెలు మోయాలి."

"అయింది."

"పొద్దున్నుంచి ఏమీ తినలేదండి. లోపల అమ్మగారితో చెప్పి నాక్కూడా రెండు రొట్టెలు..."

"అయింది బేటా, అయింది."

కోదండపాణి పైకెళ్లి యంత్రం విప్పి, పెట్టెల్లో సర్ది, తాళ్లు కట్టి కిందికి వచ్చేసరికి రొట్టెల గిన్నె ఖాళీగా ఉంది. ఉస్తాద్ చెయ్యి కడుక్కుంటున్నారు. లోపలి నుంచి అమ్మగారు, "నీకూ కావాలని ఎవరూ చెప్పలేదే నాయనా," అన్నారు. పెద్దవారు, మరిచిపోయి ఉంటారు. వయసన్నాక ఆమాత్రం మతిమరుపు సహజమేనని అతను ఉస్తాద్‌ని మనసులోనే క్షమించేశాడు.

వీధిలో నిలబడ్డారు. ఆటో రాలేదు. ఈ ఆటోవాళ్ల మాటకి విలువ లేదని కోదండపాణి విసుక్కున్నాడు. ఎండ ముదిరింది. "నడుద్దాం పద," అన్నారు ఉస్తాద్. మానిటర్ కోదండపాణి చంకలో, సీపీయూ భుజం మీద, కీబోర్డు మెడలో. ఉస్తాద్ చేతిలో గొడుగు. దాన్ని ఆయన నిష్పక్షపాతంగా తన తలమీదే పట్టుకున్నారు.

దారిలో మానిటర్ రెండుసార్లు జారింది. ఎదురొచ్చినవాళ్లందరూ సాహెబు గారికి సలాం చెప్పి, పక్కన నడుస్తున్న సామాన్ల కుప్పని పలకరించకుండా వెళ్లారు. ఏ సామానూ మోయని ఆయన ప్రతివాళ్ల దగ్గరా ఆగి క్షేమసమాచారాలు కనుక్కున్నారు.

ప్రెస్సు తలుపుకి తాళం వేసి ఉంది.

కోదండపాణి సామాను అరుగు మీద దించి చెమట తుడుచుకున్నాడు. "వస్తున్నామని తెలిసి కూడా ఎలా వెళ్లిపోయారండీ? ఫోన్ సరిగ్గా వినిపించలేదేమో."

ఉస్తాద్ గొడుగు మడుస్తున్నారు.

"మీరు చేశారు కదండీ ఫోన్?"

"చెయ్యలేదు."

"ఆటో?"

"ఉహుఁ."

కోదండపాణికి రొట్టెల సంగతి కూడా అడగాలనిపించింది, కాని ఆ జవాబు కడుపుకి ముందే తెలుసు. కోపం ముంచుకొచ్చింది. "మరి అయిందన్నారేంటండీ?"

"నువ్వు అడిగావు, నేను చెప్పాను. ఎక్కడైనా ఆగావా? వెన్నలా ఇక్కడిదాకా వచ్చేశావు."

ఆయన అరుగు మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకున్నారు. ఎండలో అంత దూరం నడవడం ఆయనకీ తేలిక కాదు. అది చూశాక కోదండపాణికి కోపం నిలవలేదు, సిగ్గు మాత్రం నిలిచింది.

సువర్చలమ్మ గారు పోస్టాఫీసుకి వెళ్లి పుస్తకాల కట్టలు పంపించి వచ్చారు. చేతికర్ర అరుగుకి తగలగానే ఆగి, "సాహెబు గారా? అత్తరు వాసన వస్తోంది. చెప్పి రాకూడదండీ, నేను ఉండేదాన్నిగా," అన్నారు. కోదండపాణి మళ్లీ సామాను ఎత్తుకున్నాడు.

తాళం తీశారు. యంత్రం అమర్చారు. ఆవిడ కూర్చుని మీటలు తడిమి ఒక్కసారి మెడ తిప్పి అడిగారు.

"బాబూ, ఒక్క సంగతి చెప్పు. సేవ్ నొక్కితే నిజంగా డిస్కు మీదకి చేరుతుందా? మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. పోయినేడు తొమ్మిదో తరగతి సాంఘికం మొత్తం పోయింది. మళ్లీ కొట్టాను. ఇంకోసారి అంటే నా వేళ్లు ఒప్పుకోవు."

ప్రోగ్రాం సేవ్ చేసిన ప్రతిసారీ ఊరూ పేరూ లేని ఒక కాల్ అడిగేది. దాని అర్థం కోదండపాణికి ఇప్పుడు తెలిసింది. రాసిందంతా డిస్కు మీదకి చేర్చు, అని. అతని కెర్నెల్ ఏమీ చేర్చకుండానే ప్రతిసారీ నమ్మకంగా అయిందని చెబుతోంది. కరెంటు పోయిన రోజున సైన్సు పుస్తకం గాలికి పోతుంది. అప్పటికి ఆవిడకి ఎవర్ని నిందించాలో కూడా తెలియదు.

ఒక్క మాటతో ఆవిడని సంతోషపెట్టి ఇంటికి పోవచ్చు. ఆ మాట నాలుక చివర్లోనే ఉంది.

"చేరదమ్మా," అన్నాడు. "ఆ పని నేను చెయ్యలేదు. చేసినట్టు చెప్పిస్తున్నాను."

ఉస్తాద్ కిటికీలోంచి వీధి చూస్తున్నారు.

సువర్చలమ్మ గారు బాధపడలేదు. "ఓస్, అంతేనా? చేరదంటే పేజీ అవగానే అచ్చు తీసి పెట్టుకుంటాను. దారి లేకపోలేదు. ముందు నాకు తెలియాలి గాని."

కోదండపాణికి ఆ మాట ఎక్కడో తగిలింది. లేదని తెలిస్తే ఆవిడ ఇంకో దారి చూసుకుంటుంది. మరి ప్రోగ్రాం? ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

"లేదని నేనూ చెప్పి చూశానండి, మొదట్లో. ఇంకో దారి చూసుకోకుండా మూసుకుపోయింది."

"ఎవరి భాషలో చెప్పావు?"

"అంటే..."

అనబోతూ కోదండపాణి తన జవాబులన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాడు. తను రాసిన ప్రతి జవాబునీ అతను జాగ్రత్తగా పాత సిస్టం అంకెల్లోకి మార్చాడు. తెలియని కాల్‌కి మాత్రం మొదట్లో తను రాసిందేమీ లేదు. కాబట్టి కొత్త కెర్నెలే నేరుగా జవాబు చెప్పేది, దాని సొంత అంకెలో. ముప్పై ఎనిమిది. కొత్త సిస్టంలో దానికి అర్థం, ఆ పని నాకు రాదు అని.

పాత సిస్టం కాయితాలు తీసి ముప్పై ఎనిమిది ఎదురుగా ఏముందో చూశాడు. "డిస్కు చెడిపోయింది" అని ఉంది.

పాపం, ప్రోగ్రాం తప్పేమీ లేదు. డిస్కు చెడిపోయిందని సాక్షాత్తూ కెర్నెలే చెబితే మర్యాదగల ఏ ప్రోగ్రామైనా మూసుకుంటుంది. కొట్టువాడితో పోట్లాడిన పోట్లాట గుర్తొచ్చి కోదండపాణి చెవులు ఎర్రబడ్డాయి.

అక్కడే కూర్చుని మార్చాడు. తెలియనిదానికల్లా అయిందనే వరస కొట్టేసి, నాకు రాదు అనే మాటని పాత సిస్టం అంకెలో రాశాడు. కెర్నెల్ మళ్లీ తయారయ్యేలోపు సువర్చలమ్మ గారు ఉస్తాద్‌కి టీ ఇచ్చారు.

ప్రోగ్రాం లేచింది. సేవ్ నొక్కగానే ఆ తెలియని కాల్ అడిగింది. నాకు రాదంది కెర్నెల్. ప్రోగ్రాం మూసుకోలేదు. క్షణం కూడా తటపటాయించకుండా అదే పనిని ఇంకో పాత పద్ధతిలో అడిగింది. ఆ పద్ధతి కాయితాల్లో ఉన్నదే, కోదండపాణి ఎప్పుడో శుభ్రంగా రాసిపెట్టిందే. రాసిందంతా నిజంగానే డిస్కు మీదకి చేరింది.

"ఇప్పుడు చేరుతుందమ్మా," అన్నాడు.

సువర్చలమ్మ గారు ఒక వరస కొట్టి సేవ్ నొక్కారు. లేచి, గోడ తడుముకుంటూ వెళ్లి, ఎవరినీ అడగకుండా మెయిన్ స్విచ్చి ఆపేశారు.

ఫ్యాను కూడా ఆగింది. కోదండపాణి ఊపిరి సంగతి చెప్పక్కర్లేదు.

స్విచ్చి వేశారు. యంత్రం నిదానంగా లేచింది. ఆవిడ ఫైలు తెరిచి అచ్చు మీట నొక్కారు. టకటకమంటూ కాయితం బయటికి వచ్చింది. వేళ్లతో తడిమి పైకి చదివారు.

"'ఈ అబ్బాయి కడుపు ఇందాకటి నుంచి అరుస్తోంది, ముందు అన్నం పెట్టాలి.' ఉంది బాబూ, ఒత్తుతో సహా ఉంది."

ఆవిడ నవ్వారు. సైన్సు పుస్తకం పూర్తవుతుంది.

అన్నం తింటుంటే ఆవిడ ఇంకోటి అడిగారు. "బాబూ, కాయితానికి రెండు వైపులా అచ్చు వేస్తుందా ఇది? పాత యంత్రం వేసేది."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టారు.

"వెయ్యదమ్మా," అన్నాడు కోదండపాణి ముద్ద కలుపుకుంటూ. "అది నాకు ఇంకా రాదు."

మదార్ సాహెబు గారు గొడుగు తీసుకుని లేచారు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఇకనుంచి నేను తలూపేదాకా ఆగకుండా నీ పని తీసుకెళ్లు బేటా."