మకోఖా ఇచ్చిన గొట్టం

ఖయెంబా మేష్టారు అడిగిన ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పేవారు కాదు. "శనివారం రా" అనేవారు. శనివారం ఆయన ఇంట్లో ఏదో ఒకటి జరిగేది. అది చూసి అర్థం చేసుకున్నవాడు చేసుకునేవాడు, లేనివాడు మరో శనివారం వచ్చేవాడు. నేను పశ్చిమ కెన్యాలో లెక్కల పంతులుగా ఉన్న రోజుల్లో ఆయన మా బడికి పాత హెడ్మాస్టరు. లెక్కలవాణ్ణి కనక, ప్రశ్న కిందనే జవాబు రాయాలని నా పట్టుదల. ఆయన పద్ధతి నాకు చాలాకాలం గిట్టలేదు. అది వేరే సంగతి.

ఒక రోజు పొద్దున్నే నేను మేష్టారి ఇంట్లో కూచుని ఉండగా ఆయన పాత శిష్యుడు సిటూమా వచ్చాడు. కుర్ర లాయరు, మాటకారి. ఎన్నికలు దగ్గర పడటంతో పార్టీ తరఫున ఊరూరా తిరుగుతున్నాడు. ఆ జిల్లాలో పార్టీ అంటే మకోఖాయే. అంతకు ముందు జరిగిన ఒక సభకు మకోఖా ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి సిటూమా మాట్లాడుతున్నాడు. నాయకుడి కారు వచ్చి ఆగినా జనంలో ఒక్కరూ తల తిప్పలేదు. సిటూమా చేసిన తప్పేదైనా ఉంటే అదే. ఆ రోజు నుంచి మకోఖా అతన్ని కసరడం మానేసి "నాయనా" అని పిలవడం మొదలుపెట్టాడు. అంతకు మునుపు ఆయన అలా పిలిచిన మనిషి ఏటి పక్క చెరకు తోటలో శవమై దొరికాడు.

"నన్నేం చేస్తాడు మేష్టారూ?" అని సిటూమా అడిగాడు. అడిగే ముందు లేచి కిటికీ మూసి వచ్చాడు.

మేష్టారు శనివారం రమ్మన్నారు. మకోఖాకు కూడా కబురు పెట్టారు. ఆయనా ఒకప్పుడు ఈ మేష్టారి దగ్గర చదువుకున్నవాడే.

ఆ వైపు పెద్దలు కూడితే నడుమ బూసా కుండ పెట్టుకుంటారు. చోళ్లూ మొక్కజొన్న పిండీ పులియబెట్టి గోరువెచ్చగా తాగే పానీయం అది. మా విశాఖ జిల్లా వాళ్లం చోళ్లతో అంబలి కాచుకుని తృప్తిపడ్డాం గాని, అంత దూరం పోలేదు. కుండ అందరిదీ, పీల్చుకునే పొడవాటి అడవితీగ గొట్టం మాత్రం ఎవరిది వారిదే. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకుంటారు. సొంత గొట్టం మరొకరి నోటికివ్వడమంటే కొడుకుగా ఒప్పుకున్నంత గౌరవం.

శనివారం మధ్యాహ్నం ఊరి పెద్దలు మేష్టారి వాకిట్లో కుండ చుట్టూ చేరాక మకోఖా కారు వచ్చి ఆగింది. డ్రైవరు కిసాకా దిగి తలుపు తీసి, కారుకు ఆనుకుని నిలబడ్డాడు. 'జాగ్రత్త, ఆయన నవ్వుతున్నాడు' అని సిటూమాకు చాటుగా చెప్పి పంపినది ఇతనే. ఆ సంగతి ఇద్దరం కలిసి మేష్టారి ఇంటికి వస్తుంటే దారిలో సిటూమా నాకు చెప్పాడు. మకోఖాకు తెలిస్తే కిసాకాను బతకనివ్వడని కూడా చెప్పాడు.

మకోఖా చాలా హుషారుగా ఉన్నాడు. ఓటర్ల చేతిలో కన్నా మేష్టారి చేతిలోనే ఎక్కువ బెత్తం దెబ్బలు తిన్నానన్నాడు. నా వైపు తిరిగి, ఒక కుర్చీలో ఎందరు పడతారో ఇండియా పంతులు గారి లెక్కల్లో ఉందా అని అడిగాడు. అందరూ నవ్వారు. సిటూమా కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఇంటి యజమాని కనక మేష్టారు ముందు తాగారు. తరవాత మకోఖా ఇత్తడి కట్లు వేసిన తన గొట్టం తీశాడు. కుండలో పెట్టాడు గాని నోట పెట్టుకోలేదు. కొనను సిటూమా వైపు తిప్పాడు.

"నీ గొట్టం పొట్టిది నాయనా. దీంతో తాగు."

కాదంటే పదిమందిలో నాయకుణ్ణి హంతకుడన్నట్టే. అవునంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. సిటూమా కొన అందుకున్నాడు. ఇత్తడి కట్టు కుండ అంచుకు తగిలి టకటకలాడింది. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. నేను అతని గొంతు వైపే చూస్తున్నాను. వెనకనెక్కడో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. తిరిగి చూస్తే కారు దగ్గర ఉండాల్సిన కిసాకా మా మధ్య దాకా వచ్చేసి, చెయ్యి చాచి, సగంలో ఆగిపోయి ఉన్నాడు. మరుక్షణం వంగి చెప్పు సరిచేసుకున్నాడు.

సిటూమా గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు. ఏమీ కాలేదు. మకోఖా గొట్టం తిరిగి తీసుకుని తానూ నిదానంగా తాగాడు, తుడిచి సంచిలో పెట్టుకున్నాడు, మేష్టారికి దండం పెట్టి లేచాడు.

"కిసాకా, తాళాలు ఇలా ఇయ్యి. ఇవాళ బండి నేను నడుపుతా. నువ్వు పక్కన కూచో, ఎప్పుడూ కష్టపడేవాడివే కదా."

కిసాకా తాళాలిచ్చాడు. ఎక్కేముందు ఒక్కసారి మా వైపు చూశాడు. కారు కదిలి వెళ్లిపోయింది.

సిటూమాకు పట్టలేనంత నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా. గొట్టంలో ఏమీ లేదనీ, ఆయన కూడా దానితోనే తాగాడనీ, తానే పిచ్చివాడిలా బెదిరిపోయాననీ మళ్లీ మళ్లీ చెప్పాడు.

మేష్టారు రోడ్డు మీద ఇంకా లేస్తున్న దుమ్ము వైపు చూస్తున్నారు.

"నువ్వు తాగుతున్నంతసేపూ మేమందరం నీ గొంతే చూశాం," అన్నారు. "ఆయన ఒక్కడే చూడలేదు."